పేరు చెప్పొద్దు మామా

సెల్‌ఫోను ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని "హాయ్ ఫ్రెండ్స్" అనగానే లోకమంతా వింటోందనుకునే పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. మీకంటే ముందు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతంలో ఒక గొంతు ఉండేది. ఆటో మీద కట్టిన మైకులోంచి ఆ గొంతు పలికితే మూడు ఊళ్ళూ లేచి నిలబడేవి. పసిపిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు. పెన్నలో నీళ్ళు ఒక్క క్షణం ఆగి వినేవి.

సరే, పెన్నలో ఏడాదిలో చాలా నెలలు నీళ్ళే ఉండవు. లేచి నిలబడేవి కుక్కలు. పిల్లలు ఏడుపు ఆపేవాళ్ళు కాదు, అప్పుడే మొదలుపెట్టేవాళ్ళు. అయినా ఆ గొంతు నాదే. అందులో అబద్ధం లేదు.

నా పని మైకులో చెప్పడం. ప్రొద్దుటూరులో ఒక సౌండు సర్వీసు షాపులో చేరి తల నెరిసేదాకా అదే పని చేశాను. పట్టుచీరల మీద తగ్గింపు, కొత్త సినిమా, తప్పిపోయిన ఎద్దు, పోయిన పెద్దమనిషి, ఎన్నికలు, అన్నిటికీ ఒకటే నోరు. పొద్దున ఒక పార్టీ జెండా కట్టుకుని సింహాద్రిపురం వైపు పోయి, మధ్యాహ్నం ఇంకో పార్టీ జెండా కట్టుకుని మైలవరం వైపు పోయిన రోజులున్నాయి. ఫ్యాక్షన్ మండుతున్న ఆ కాలంలో రెండు పక్షాల వాళ్ళు ఒకే కొట్లో టీ తాగేవాళ్ళు కాదు. పెళ్ళి చేసేవాళ్ళు ఒక పక్షాన్ని ముహూర్తానికీ, ఇంకో పక్షాన్ని సాయంత్రం విందుకూ పిలుచుకునేవాళ్ళు. అట్లాంటి ఊళ్ళల్లో రెండు జెండాలతో తిరిగినా నా ఆటో మీద ఒక్క రాయి పడలేదు. నా ధైర్యం చూసి అని చాలాకాలం చెప్పుకున్నాను. అసలు కారణం మా షాపు ఓనరు మొదటిరోజే నేర్పిన ఒక అలవాటు.

"ఏం చెప్పినా సరే, చివర్లో 'ఇట్లు' అని చెప్పి, ఎవురు చెప్పమన్నారో ఆ పేరు చెప్పు. పేరు చెప్తే తిట్లు ఆ పేరుకు పోతాయి. చెప్పకపోతే నీ ఆటోకు తగుల్తాయి" అన్నాడాయన.

అప్పటినుంచీ నా ప్రతి ప్రకటనా అట్లాగే ముగిసేది. చివరికి ఎట్లా తయారైందంటే, 'ఇట్లు' అనగానే నాలుక నన్ను అడక్కుండానే పేరు దగ్గరికి నడిచిపోయేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. దీంతో తర్వాత పని ఉంది.

కాలం మారి ఆటో మైకులు తగ్గాయి. నాకు పాత పరిచయం ఉన్న కేబుల్ టీవీ ఆయన ఒకడు, ఇంటింటికీ వైర్లు లాగే వ్యాపారం చల్లబడ్డాక, ప్రొద్దుటూరులో ఒక బట్టలకొట్టు మిద్దె మీద గది తీసుకుని ఆన్‌లైన్ చానల్ పెట్టాడు. ఎన్నికలు వచ్చాయి. ఒకరోజు నన్ను పిలిపించాడు.

"టీవీల్లో హైదరాబాదోళ్ళు చర్చలు పెడ్తాండారు గదప్పా, మనం పెట్టకూడదా? అభ్యర్థులిద్దర్నీ లైవ్‌లోకి తెస్తాం. జనం ఇండ్లల్లో కూర్చోని ఫోన్లో చూస్తారు, ఫోన్లోనే అడుగుతారు. మధ్యలో నువ్వుండాల."

"నేనెందుకు?"

"నువ్వు రెండు పార్టీలకూ అరిచినావు. నిన్ను ఎవురూ నమ్మరు, ఎవురూ అనుమానించరు."

ఇంతకంటే గొప్ప యోగ్యతాపత్రం నాకు జీవితంలో దొరకలేదు.

ఆ ఎన్నిక మామూలుది కాదు. ఢిల్లీ పీఠం అటూ ఇటూ ఊగిన ఎన్నిక. దేశమంతా మా చర్చ కోసం ఊపిరి బిగబట్టి... వద్దులెండి. మైలవరం డ్యాము దగ్గర ఒక పల్లెకు జరిగిన ఎంపీటీసీ ఎన్నిక అది. అభ్యర్థులు ఇద్దరు. ఒకాయనకు పెద్ద మీసాలు, ఒకాయనకు కళ్ళద్దాలు. పేర్లు చెప్పను, వాటితోనే గుర్తుపెట్టుకోండి. మీసాలాయన జమ్మలమడుగులో కాపురం. కళ్ళద్దాలాయన పాత గొడవల్లో ఊరు విడిచి పులివెందులలో బామ్మర్ది పంచన చేరి, అక్కడినుంచే రాజకీయం చేస్తున్నాడు. ఈ ఇద్దరి ఇండ్ల మనుషులూ ఒక పైకప్పు కింద కూర్చుని ఒక తరం దాటింది.

కేబులాయన మొదట మీసాలాయన దగ్గరికి పోయి, "కళ్ళద్దాలాయన లైవ్‌కు వస్తానన్నాడు. నువ్వు రాకపోతే భయపడినావంటారన్నా" అన్నాడు. అక్కడినుంచి నేరుగా పులివెందులకు పోయి కళ్ళద్దాలాయనకూ అదేమాట చెప్పాడు. ఇద్దరూ సరేనన్నారు. ఎవరిల్లు వాళ్ళది, ఎవరి ఫోను వాళ్ళది. ఒకే తెర మీద ఎడమపక్క మీసాలు, కుడిపక్క కళ్ళద్దాలు, కింద ప్రొద్దుటూరు మిద్దె మీద నేను. తుపాకులూ పంచాయితీలూ కలపలేని ముఖాలను ఒక సెల్‌ఫోను తెర కలిపింది. ఇందులో మాత్రం పెంచింది ఏమీ లేదు.

ఈ యంత్రాంగమంతా నడిపింది మా ఆపరేటరమ్మ. ప్రొద్దుటూరులోనే పుట్టి పెరిగిన ముస్లిం ఇంటి ఆడబిడ్డ. భర్త కువైట్‌లో డ్రైవరు. ఎవరి గొంతు వినపడాలో, ఎవరిది మూసెయ్యాలో ఆమె వేళ్ళ కింద ఉండేది. నన్ను తాతా అనేది. నాకంత వయసు లేదని మొదట్లో అలిగాను, తర్వాత అలవాటు పడ్డాను.

మొదటి రోజు లైవ్ మొదలైంది. వేలమంది చూశారు. సరే, వందలమంది. నేను గొంతు సవరించుకుని, "ప్రజలారా, మీ ప్రశ్నలు కామెంట్లలో రాయండి, మీ నాయకులు మీకు జవాబు చెప్తారు" అని అదరగొట్టాను. ఒక్క ప్రశ్న రాలేదు. మళ్ళీ అడిగాను. ఏమీ లేదు. మూడోసారి అడిగేసరికి గలగలా రావడం మొదలైంది. రోడ్డు ఎప్పుడు వేస్తారు, బడికి గోడ ఏమైంది, డ్యాము పక్కన ఉండి తాగే నీళ్ళకు ఏడుపేంది అని ఒకటే బాణాలు. నేను ఉబ్బిపోయాను.

ఆపరేటరమ్మ చిన్నగా నవ్వింది. "తాతా, ఇవన్నీ కువైట్ నుంచి. ఇద్దరు దుబాయ్ నుంచి. ఊర్లోనుంచి ఒక్కటి గూడా ల్యా."

అదీ సంగతి. అడిగే ధైర్యం ఉన్నవాళ్ళంతా ఎడారిలో ఉన్నారు, ఓటు వేసేవాళ్ళంతా ఊర్లో ఉన్నారు. కామెంటు రాస్తే పక్కన పేరూ ఫోటో పడతాయి. మా పల్లెల్లో ఎవరు అడిగారో తెలిస్తే ఏ పక్షమో తెలిసినట్టే. ఆ రోజే ఒకాయన పొరపాటున కళ్ళద్దాలాయన మాట మీద లైకు నొక్కాడు. మర్నాడు పాపం ఆయనే, మీసాలాయన మనుషులందరికీ ఫోను చూపించుకుంటూ తిరిగాడు. "నేను నొక్కల్యా అప్పా, చెనక్కాయలు ఒలిచిన చెయ్యి, జారింది!"

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. జనం తమ ప్రశ్నలను వాయిస్ మెసేజ్‌గా మా చానల్ నంబరుకు పంపుతారు. నేను విని, నా గొంతుతో అడుగుతాను. నా గొంతు ఏ పక్షానిదీ కాదు. పేరు బయటికి రాదు. కేబులాయన నన్ను కౌగిలించుకున్నాడు. ఈ ఉపాయానికి దేశవిదేశాల నుంచి ప్రశంసలు వచ్చాయి. ఆ కౌగిలింత తప్ప ఇంకేం రాలేదులెండి. పైగా ఉపాయం సగం ఆపరేటరమ్మది. సగం కంటే కొంచెం ఎక్కువే.

మెసేజ్‌లు రావడం మొదలైంది. గుసగుసగా కొందరు, ముక్కు మూసుకుని గొంతు మార్చి కొందరు. ఒకాయన వెనకాల మోటారు వేసుకుని మరీ మాట్లాడాడు. వాటిలో ఒక ఆడమనిషి గొంతు మాత్రం ఏ దాపరికమూ లేకుండా ఉంది.

"మామా, మా ఊరి నీళ్ళ ట్యాంకుకు మూడు వాల్వులుండాయి. గెల్సినోళ్ళ వీధికి ముందు తిప్పుతారు. ఓడినోళ్ళ వీధికి తర్వాత తిప్పుతారు. గొర్లు మేపే మా వీధి ఏ పక్కా చేరల్యా. మా వాల్వు తిప్పేతలికి ట్యాంకులో గాలే. ఈ తూరి గెల్సినాక ఏ వాల్వు ముందు తిప్పుతారో ఇద్దర్నీ అడుగు. నా పేరు మాత్రం చెప్పొద్దు మామా. మీసాలాయన తమ్ముడి బోరు కాడ మా గొర్లకు నీళ్ళు పట్టుకుంటాండాం. ఆ నీళ్ళ కోసరమే మా ఇంటాయన పొద్దస్తమానం జమ్మలమడుగు పోయి మీసాలాయన అరుగు మీద కూర్చోనుంటాడు. ఇది తెలిస్తే బోరు బందు చేస్తారు. ఈ ఎండల్లో గొర్లు బతకవు."

ఆమెకు ఫోను చేసి భయపడొద్దని చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చు కదా? పాత అలవాటు. "ఎవరింటి మనిషివమ్మా?" అని అడిగాను. ఆమె తన పేరు చెప్పకుండా, మా వైపు ఆడవాళ్ళు చెప్పినట్టు, భర్త పేరూ వీధీ చెప్పింది. నా నాలుక ఆ రెండూ దాచిపెట్టుకుంది.

పోలింగుకు ముందు చివరి చర్చ. సాయంత్రం, ఇంకా వెలుగుంది. ఎడమపక్క మీసాలాయన తన పంచలో కుర్చీ వేసుకుని, వెనక అరుగు నిండా మనుషులతో కూర్చున్నాడు. ఫోను పట్టుకోవడానికి ఒక అనుచరుణ్ణి నిలబెట్టాడు. కుడిపక్క కళ్ళద్దాలాయన బామ్మర్ది మిద్దె మీద, వెనక నీళ్ళ డ్రమ్ములతో ఉన్నాడు. ఇద్దరూ మంచి ఊపు మీద ఉన్నారు. నేను వాళ్ళిద్దరికంటే ఊపు మీద ఉన్నాను. ఒక ప్రశ్న తర్వాత ఇంకొకటి, అడిగిన ప్రతిదానికీ ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతుంటే నా గొంతు ఆటో రోజుల్లో మాదిరి పైకి లేచింది. అట్లాంటప్పుడు మూడు వాల్వుల ప్రశ్న వచ్చింది.

ఆమె మాటల్నే ఒక్కటి పోకుండా చెప్పాను. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను, ఎక్కడ దించాలో అక్కడ దించాను. "ఈ తూరి గెల్సినాక ఏ వాల్వు ముందు తిప్పుతారు?" అని ముగించాను. ముగించి ఊరుకున్నానా?

"ఇట్లు..." అన్నాను.

తర్వాత భర్త పేరు. తర్వాత వీధి పేరు.

ఆపరేటరమ్మ చెయ్యి నా గొంతు మూసే బటన్ మీద పడింది. అప్పటికే ఆలస్యమైంది. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు ఈ చెంప మీద ఉంది. నా నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది. తెరమీద అది అందరికీ కనపడుతూనే ఉంది.

మీసాలాయన కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. ఫోను పట్టుకున్న అనుచరుడికి కూడా ఆత్రం ఆగలేదు. నాయకుణ్ణి వదిలేసి ఫోను అరుగు వైపు తిప్పాడు. తెర నిండా ఒక బక్కపలచని మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో మజ్జిగ గ్లాసు నోటిదాకా ఎత్తి, అట్లాగే ఆగిపోయాడు.

"ఏమప్పా," అన్నాడు మీసాలాయన, కనపడకుండా గొంతు మాత్రమే. "నా అరుగు మీద కూర్చోని, నా మజ్జిగ తాగుతా, నన్నే అడిగిస్తాండావా?"

ఆ మనిషి గ్లాసు కింద పెట్టాడు.

"తాతా, పొరపాటని చెప్పు, పేరు తప్పు పడిందని చెప్పు, బిర్నా!" అంటూ ఆపరేటరమ్మ నా గొంతు మళ్ళీ తెరిచింది. నలభై ఏళ్ళు లక్షలమందిని పలకరించిన నా నోట్లోంచి "అదీ... అయ్యా... అదీ..." అనే రెండు ముక్కలే వచ్చాయి. ఇది పెంచి చెప్పడం కాదు, తగ్గించి చెప్పడం. నిజానికి అవి కూడా సరిగా రాలేదు.

ఇంతలో ఆయన మాట్లాడాడు.

"నేను అడగల్యా, సామీ."

మీసాలాయన మనుషులు ఊపిరి వదిలారు. నేనూ వదిలాను. ఆయన అక్కడితో ఆపి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. ఆయన ఫోను వైపు చూశాడు. అటుపక్క తన ఇంట్లో ఎవరు చూస్తున్నారో ఆయనకు తెలుసు.

"గొంతు ఈ మైకాయనది. మాటలు మా ఇంటామెవి. రోజూ ఇంటాండేటివే గదా, నాకు తెలీకుండా పోతాయా? దినామూ నన్ను అడుగుతాది, నా కాడ జవాబు లేక ఈడొచ్చి కూర్చుంటాండా. ఇప్పుడు నిన్ను అడిగింది. నువ్వు చెప్పు. ఏ వాల్వు ముందు తిప్పుతావు?"



జవాబు ఎడమపక్కనుంచి రాలేదు. కుడిపక్కనుంచి వచ్చింది. సందు దొరికిన కళ్ళద్దాలాయన డ్రమ్ముల ముందు లేచి నిలబడ్డాడు. "మేము గెలిస్తే గొర్లోళ్ళ వీధి వాల్వే ముందు తిప్పుతాం! రాసిపెట్టుకోండి!"

మీసాలాయన అనుచరుడి చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. తెర నిండా మీసాలే. "ఊరు విడిచిపోయినోడివి, నువ్వేంది తిప్పేది? నేను గెలిస్తే తిప్పే పనే ల్యా. వాల్వు తిప్పే రాడ్డే ఆ వీధోళ్ళ చేతికిస్తా! వాళ్ళే తిప్పుకుంటారు!"

అప్పుడు జరిగింది అసలు విచిత్రం. కామెంట్లు! ఊర్లోనుంచి! పేర్లతో, ఫోటోలతో! "రాడ్డు వాళ్ళకెందుకు, మా వీధికియ్యండి." "మా ట్యాంకు, మీ ఇష్టమా?" "వారానికొక వీధి పెట్టుకోండప్పా." "ముందు ట్యాంకు కడగండి, పాచి పట్టింది." మీసాలాయన మనిషి మీసాలాయననే నిలదీశాడు. కళ్ళద్దాలాయన బంధువు కళ్ళద్దాలాయనను అడ్డంగా అడిగాడు. నేను చదవలేకపోయాను, ఆపరేటరమ్మ తెర జరపలేకపోయింది. కేబులాయన గదిలో గంతులేస్తూ ఫ్యాను రెక్కకు చెయ్యి తగిలించుకున్నాడు. ఒక రాడ్డు కోసం ఊరంతా పక్షాలు మరిచి కొట్లాడింది. నా జీవితంలో అంత అందమైన రచ్చ ఇంకోటి చూడలేదు.

కానీ నాకు తెల్లవారేదాకా బోరే కళ్ళ ముందు మెదిలింది. నాకు తెలిసినాయన ఒకడు ఆ పల్లెకు పాలకు పోతాడు. బోరు దగ్గర ఏం జరిగిందో ఆయనే చెప్పాడు. పొద్దున ఆ మనిషి గొర్లను తోలుకుపోతే మీసాలాయన తమ్ముడు స్విచ్చి దగ్గర నిలబడి ఉన్నాడట. "నీ పేరు ఫోన్లో బాగ పలికిందిలేప్పా" అని ఒక్క మాట అని మోటారు వేశాడట. పోలింగు దగ్గరపడింది కదా, అంతమంది చూశాక బందు చేసే ధైర్యం ఎవరికుంటుంది?

ఓట్లయ్యాయి. మీసాలాయన గెలిచాడు. గెలిచిన వారంలోనే బోరు బందయింది. రాడ్డు రాలేదు.

అప్పుడా ఇల్లాలు ఏం చేసిందో తెలుసా? వెయ్యి గొర్లను జమ్మలమడుగు నడిబజారులోకి తోలుకుని... కాదు, గొర్లు ఇంట్లోనే ఉన్నాయి, దాహంతో అరుస్తున్నాయి. ఆమె ఒక్కతే బస్సెక్కి జమ్మలమడుగు పోయింది. మీసాలాయన పంచలో పదిమంది కూర్చున్న సమయానికి, అరుగు మీద ఫోను పెట్టి, గొంతు పూర్తిగా పెంచి ఆ రోజు లైవ్ మొత్తం వేసింది. మూడు వాల్వులు, నా 'ఇట్లు', తెర నిండా మీసాలు, "రాడ్డే ఆ వీధోళ్ళ చేతికిస్తా" వరకూ. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి వేసింది. పంచలో ఉన్నవాళ్ళు రెండోసారికి నవ్వడం మొదలుపెట్టారు. మూడోసారికి రాడ్డు వచ్చింది.

కొన్నాళ్ళకు ఆమె ప్రొద్దుటూరు సంతకు వచ్చి మా మిద్దె మెట్లెక్కింది. నన్ను చూస్తూనే కొంగు బిగించింది. కొడుతుందనే అనుకుని కుర్చీ వెనక్కి జరిగాను.

"ఏం మామా, చెప్పొద్దంటే చెప్పినావు. చెప్పినోడివి సరిగా చెప్పినావా? ప్రశ్న నాది. నోరు నీది. పేరేమో మా ఇంటాయనది! 'నీ మొగుడు అడిగినాడని రాడ్డిచ్చినా' అంటాండాడు మీసాలాయన. మూడు తూర్లు ఫోను వేసి తెచ్చుకుంది నేను. నా పేరు యాడబోయ?"

"ఇప్పుడు చెప్తే భయం లేదామ్మా?"

"బోరు ఎట్లాగూ పాయ. ఇంకేం బందు చేస్తారు? చెప్పు."

ప్రకటన తప్పుపోతే సవరణ చెప్పడం మా వృత్తిలో ఆచారం. ఆపరేటరమ్మ వెంటనే లైవ్ పెట్టింది. నేను మైకు ముందు కూర్చుని, ఫలానా ప్రశ్న అడిగినది ఫలానా ఆయన కాదు, ఆయన భార్య, అని మూడుసార్లు చెప్పి, 'ఇట్లు' అని ఆమె పేరు చెప్పాను. ఆ సవరణను మూడు నియోజకవర్గాల ప్రజలు కళ్ళనీళ్ళతో...

చూసింది కేబులాయన, ఆపరేటరమ్మ, ఆమె. ఎన్నికలైపోయాక ఎవరు చూస్తారు? ఇంకా కువైట్ నుంచి ఎవరో ఒకరు. ఆయన ఒక కామెంటు పెట్టాడు. తనది ఆ పల్లెలో ఓడినోళ్ళ వీధట. "అక్కా, రాడ్డు నీ కాడుంది గదా, మా వీధికి నీళ్ళు ఇడుస్తాండావా? మా అమ్మ ఒక్కతే ఉండాది."

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు మైకు ఆమె వైపు జరిపాను. నడుస్తున్న మైకు ఇంకొకరి నోటి దగ్గర పెట్టడం అన్నేళ్ళలో అదే మొదటిసారి. ఆమె కాస్త వంగి, ఎంత దూరంలో నోరు పెట్టాలో తెలియక మైకుకు ముక్కు తగిలించుకుని మాట్లాడింది.

"ఇడుస్తాండా నాయనా. మా గొర్ల తొట్టి నిండినాక మీ వీధికే. మీ యమ్మ బిందె కాళీగా పోల్యా. నువ్వు కడుపునిండా తిను."

ఇందులో నేను ఒక్క అక్షరం కూడా పెంచలేదు. అనుమానం ఉంటే కువైట్‌లో అడగండి.